బంప్ రబ్బరు కింద పిండి ముద్ద

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ వైపు కాస్త దూరం పోతే, సర్వీసు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. బోర్డు మీది అక్షరాలు సగం ఎండకు వెలిసిపోయాయి. మిగిలిన సగం కష్టపడి చదివినా తెలిసేదేమీ లేదు. ఆ షెడ్డు ఎవరిదని పాత లారీ డ్రైవర్లను అడగండి, తల తిప్పకుండా చెబుతారు, కమాన్ సైదులుదని.

లారీ కింద ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఇనుప పట్టీలనే కమాన్లంటారు. పైనున్న బరువంతా మోసేవి అవే. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్లప్పుడు వచ్చి సైదులు ఆ పనిలో చేరాడు. ఇప్పుడతనికి యాభై రెండు. ఈ మధ్యలో అతను నేర్చిన విద్యల్లో గొప్పది చేతిది కాదు, చెవిది. లారీ షెడ్డు ముందున్న గుంతలో దిగి లేచేలోపు, లోపల కూర్చునే "ఎడమ దిక్కు, ఎనక, మూడో పట్టీ ఇరిగింది" అనేవాడు. డ్రైవర్లు నమ్మక చాయ్ పందెం కాసేవారు. అలా ఉచితంగా తాగిన చాయ్‌లతోనే అతని పళ్లు నల్లబడ్డాయని భార్య అండాలమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ చాయ్‌లు ఇప్పుడు లేవు. రింగురోడ్డు వచ్చాక పెద్ద లారీలు ఊరి బయటి నుంచే వెళ్లిపోతున్నాయి. కొత్త బండ్లకు కంపెనీ వాళ్లే మరమ్మతులు చేస్తున్నారు. రోజుకు ఆరేడు లారీలు నిలబడిన చోట వారానికి ఒకటి వస్తే గొప్ప. సైదులు పొద్దున్నే షెడ్డు తీసి, పానాలు తుడిచి, వాటినే మళ్లీ సాయంత్రం తుడిచి ఇంటికి వెళ్లేవాడు. చూసేవాళ్లకే పరేషాన్‌గా ఉండేది.

అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో చపాతీలు చేస్తుంది. కోచింగ్ పిల్లలకు పూటకు నాలుగు వందల చపాతీలు. ఆమె తమ్ముడు శ్రీనివాస్ ఒక స్కూల్లో బస్సులు చూసుకుంటాడు. బావ ఖాళీగా కూర్చున్నాడని తెలిసి ఒక బస్సు స్టీరింగు, అంటే డ్రైవరు పని, పట్టి ఉంచాడు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు, సోమవారం పొద్దున్నకల్లా మాట చెప్పాలన్నాడు. అండాలమ్మకు ఇది నచ్చింది. నెలనెలా జీతం, ఎండ తగలని సీటు, మధ్యాహ్నం విశ్రాంతి. సైదులు "సరే, చెప్త" అన్నాడు. ఆ మాట అని వచ్చి ఆ రోజు రెండుసార్లు కాదు, మూడుసార్లు పానాలు తుడిచాడు.

అదిగో, సరిగ్గా ఆ వారంలోనే భావన జీపు అతని షెడ్డు ముందు కూలబడింది.

భావన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. వాళ్లది తెనాలి. జీపు మాత్రం ఆమె మేనమామ త్రినాథరావుది. భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్ల మీద పదేళ్లు తిరిగి, ఇక చాలనుకుని ఆమె చేతికి వచ్చింది. ఆమె దానికి రంగు వేయించి, పెద్ద టైర్లు తొడిగి, రాళ్లూ గుట్టలూ ఎక్కడానికి వీలుగా మూడంగుళాలు పైకి లేపించింది. లేపిన పెద్దమనుషుల షాపు పేరు ఆమె చెప్పలేదు, చెప్పినా ఇక్కడ రాయను. చౌరస్తాలో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే ముందు ఎడమ చక్రం దగ్గర ధన్‌మని మోగి, షాక్ అబ్జార్బర్ పైకొస ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. దగ్గర్లో వెల్డింగ్ మెరుపు కనిపించిన షెడ్డు ఇదొక్కటే.

"అన్నా, కొంచెం అతికించి ఇస్తారా? క్లాసుకి వెళ్లాలి," అంది భావన.

సైదులు కిందికి దూరి చూశాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. భావన వంగి చూస్తే, లోపల వెల్లకిలా పడుకుని తనలో తాను ఏదో తిట్టుకుంటున్నాడు.

"ఏమైందన్నా?"

"అతికిస్త గని, మల్ల ఊడుతది మేడం. గీ షాకబ్జర్లు ఎవలు పెట్టిన్రు?"

"లిఫ్ట్ చేసినవాళ్లే పెట్టారండి. అన్నిటికంటే పొడవైనవి, ఖరీదైనవి అవేనని చెప్పారు."

"మరి బంప్ రబ్బర్లేవి?"

"అవి లేకపోతే చక్రం పైకీ కిందికీ ఎక్కువ ఆడుతుందని వాళ్లే కోసేశారు."

సైదులు బయటికొచ్చి కూర్చున్నాడు. అతనికి కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత పని మీద కోపం రావడం అతనికే బాగుందనిపించింది.

"చూడు మేడం. కమాన్ బరువు మోస్తది. దాని ఊగుడును షాకబ్జర్ ఆపుతది. ఇగ బంప్ రబ్బరేమో, గింతవరకే, ఇంక పైకి రాకు అని యాక్సిల్‌కు చెప్తది. నీ బండిల గా మాట చెప్పేటోడినే కోసిపారేసిన్రు. షాకబ్జరేమో పొడుగు. చక్రం పైకి లేచినప్పుడు అది ముడుచుకునే జాగ లేదు. గుంతల వడ్డప్పుడల్ల బండి బరువు మొత్తం ఆ సన్న రాడు మీద పడుతున్నది. అది ఊడక ఏంజేస్తది?"

పొడవుంటే మంచిది, ఖరీదుంటే ఇంకా మంచిది అనుకునే జబ్బు మన ఊళ్లో పెళ్లి భోజనాల దగ్గర్నుంచీ ఉన్నదే. జీపులకు మాత్రం అంటకుండా ఎలా ఉంటుంది? భావన అంత చదువుకున్న పిల్ల. తన క్లాసులో స్ప్రింగు లెక్కలు నిద్రలో కూడా చేయగలదు. అయినా తన జీపు కింద ఏముందో ఒక్కసారైనా వంగి చూసుకోలేదు. ఆ మాట ఆమే అంది, కాస్త సిగ్గుపడుతూ.

"మరి ఏవి పెట్టాలన్నా?"

"కొలవకుండ ఎట్ల చెప్త? రెండు దినాలు బండి ఇడువు."

కొలిచే తీరు ఇదీ. సైదులు కమాన్ కట్ట విప్పి, అన్ని పట్టీలూ తీసేసి పెద్ద పట్టీ ఒక్కటే ఉంచాడు. బండిని స్టాండ్ల మీద నిలిపాడు. లోడు మీద పూర్తిగా దిగిపోయిన లారీని కొలిచినట్టే, రెండు చక్రాలనూ కలిపే యాక్సిల్ కింద జాకీలు పెట్టి వాటిని సమంగా పైకెత్తాడు. టైరు మడ్‌గార్డుకు తగలబోయే చోట ఆపి, అక్కడ కొత్త బంప్ రబ్బరు వచ్చి ఆనేలా, దాన్ని బిగించే ఇనుప దిమ్మె ఒకటి చేశాడు. అప్పుడు షాక్ తగిలించే రెండు మేకుల మధ్య దూరం ఇనుప చువ్వతో కొలిచి చాక్‌పీసుతో గీత పెట్టాడు. తర్వాత చక్రాలను కిందికి వేలాడదీసి ఇంకో గీత పెట్టాడు. షాక్ పూర్తిగా ముడుచుకున్నప్పుడు మొదటి గీతకంటే వేలెడు పొట్టిగా ఉండాలి. సాగినప్పుడు రెండో గీతకంటే పొడుగుండాలి. షాక్ ఏ కంపెనీదన్నది అతనికి పట్టలేదు.

భావన ఫోన్లో జాబితాలు తెరిచి చూసింది. ఆ రెండు కొలతల మధ్య సరిపోయేవి పెద్ద పేరున్నవి కావు, మధ్యరకానివి. పాతవాటిలో సగం ధర కూడా లేవు. "నేను ఇన్నాళ్లూ దేనికి డబ్బు పోశాను?" అనుకుంది పైకే. సైదులు వినలేదన్నట్టు ఊరుకున్నాడు. అంత మర్యాద అతనికి ఉంది.

కమాన్ కట్ట మళ్లీ కట్టి, కొత్త షాకులు బిగించాక చిన్న పరీక్ష ఒకటి మిగిలింది. యాక్సిల్ మీద, రబ్బరు వచ్చి ఆనేచోట, మెత్తటి ముద్ద ఒకటి అంటించి బండి నడపాలి. ఎంత నలిగితే రబ్బరు అంత దగ్గరికొచ్చినట్టు. సైదులుకు పని నేర్పిన ఉస్తాద్ బంకమట్టి వాడేవాడు. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో బంకమట్టి ఎక్కడ దొరుకుతుంది? అండాలమ్మ చపాతీ పిండి ఉండనే ఉంది.

"తినే పిండి తీస్కపోయి బండికి పూస్తవా? హాస్టల్ పిల్లలకు తెలిస్తే నా ముఖాన కొడ్తరు," అంది అండాలమ్మ.

"గుప్పెడే గదనే."

"గుప్పెడైతే మాత్రం? సోమారం మా తమ్మునికి మాట చెప్పాలె, యాదికున్నదా?"

"ఉన్నది."

షాక్ రాడు చుట్టూ మిఠాయి పొట్లం దారం కట్టాడు. షాక్ ముడుచుకున్నప్పుడు ఆ దారం పైకి జరుగుతుంది, జరిగిన చోటే ఆగిపోతుంది. సర్వీసు రోడ్డు మీద గుంతలన్నిట్లో దింపి తెచ్చి చూస్తే పిండి సగం నలిగింది, దారం కొసకు వేలెడు ఇవతలే ఆగింది. అతను లెక్క వేసింది సరిగ్గా అంతే. భావన స్టీరింగు దగ్గరే కూర్చుని నవ్వింది.

"అన్నా, ఆదివారం పెద్ద అంబర్‌పేట్ అవతల గుట్టల దగ్గరికి మా గుంపు వస్తోంది. పద్నాలుగు బండ్లు. అన్నీ లేపినవే, అన్నిటికీ నాలాంటి బాధలే. మీరూ రండి. నా జీపు బాగా నడిస్తే అందరూ మీ దగ్గరికే వస్తారు."

పద్నాలుగు బండ్లు. ఒక్కోదానికి రెండు మూడు రోజుల పని. షెడ్డు నిలబడుతుంది. ఇంకొకరి బస్సు స్టీరింగు పట్టనక్కర్లేదు. శనివారమంతా సైదులు ఈ మాటే తిప్పి తిప్పి అనుకున్నాడు. అండాలమ్మకు చెప్పలేదు. చెబితే ఆశ పెట్టుకుంటుందని కాదు, తను పెట్టుకున్నానని తెలిసిపోతుందని.

ఆదివారం పొద్దున్నే తాజా పిండి అంటించి, కొత్త దారం కట్టి, సైదులూ భావనా జీపులో బయల్దేరారు. గుట్టల దగ్గర జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. గుంపుకు పెద్ద శ్రీకర్ అనే అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి, అందరూ అతని మాటే వింటారు. సైదులును చూసి చేయి కలిపాడు.

"భావన చెప్పింది అన్నా. చూద్దాం మీ పని ఎలా ఉందో."

భావన జీపు మొదటి దారి ఎక్కింది. గులకరాళ్లు, గుంతలు, వాన నీళ్లు కోసిన చాళ్లు. బండి ఊగి సర్దుకుంటోంది తప్ప ఎగిరెగిరి పడటం లేదు. పక్కనున్నవాళ్లు తలలూపారు. రెండో దారిలో పెద్ద బండ ఒకటి ఉంది. ఎడమ చక్రం దాని మీదికి ఎక్కింది, కుడి చక్రం పక్క గోతిలోకి వేలాడింది. జీపు ఒరిగి నిలబడి, నెమ్మదిగా దాటి అవతలికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"సూపర్ అన్నా," అన్నాడు శ్రీకర్. "నా బండి మంగళవారం తెస్తాను."

సైదులు చెవికి ఆ మాట ఆలస్యంగా చేరింది. దానికంటే ముందు ఇంకొకటి చేరింది. బండ మీద చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు టక్‌మని ఒక చిన్న చప్పుడు. రబ్బరు ఆనితే వచ్చేది మెత్తగా ఉంటుంది. ఇది ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు. ఇన్ని ఇంజన్ల మోతలో ఇంకెవరూ వినలేదు. భావన కూడా వినలేదు.

ఊరుకోవచ్చు. ఒక్కసారికి ఏమీ కాదు, పదిసార్లకు కాదు. పద్నాలుగు బండ్లూ షెడ్డుకు వచ్చేస్తాయి, తర్వాత నిదానంగా సరిచేసుకోవచ్చు. సైదులుకు ఈ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. కాసేపు నిలబడింది కూడా. కానీ ఆ పిల్ల ఇంకా పెద్ద గుట్ట ఎక్కబోతోంది. ఏటవాలులో ఆ షాక్ ఊడితే బండి ఎటు పడుతుందో అతనికి తెలుసు.

"మేడం, బంద్ చెయ్యి. దిగు," అన్నాడు గట్టిగా.

కిందికి దూరాడు. దారం రాడు చివరికంటా పోయి నొక్కుకుపోయింది. అంటే షాక్ పూర్తిగా ముడుచుకుని ఇంకా నెట్టుడు తిన్నది. మరి బంప్ రబ్బరు ఏం చేస్తోంది? పిండి ముద్ద చూశాడు. చక్రం వైపు కాగితమంత పలుచగా నలిగింది. లోపలి వైపు బెత్తెడు మందాన అలాగే ఉంది. ఏటవాలుగా కోసినట్టుంది ముద్ద.

అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమై, ఆ రాళ్ల మీదే కాసేపు కదలకుండా పడుకున్నాడు.

లారీ హైవే మీద పోతుంది. దానికి రెండు చక్రాలూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. అందుకే అతను రెండు వైపులా జాకీలు పెట్టి సమంగా ఎత్తి కొలిచాడు. కానీ ఇక్కడ ఒక చక్రం ఆకాశానికి, ఇంకొకటి గోతికి. యాక్సిల్ ఒరుగుతుంది. లోపలెక్కడో ఉన్న రబ్బరు ఆనిన తర్వాత కూడా బయటి కొస ఇంకా పైకి పోతుంది. షాక్ ఉన్నది ఆ బయటి కొస దగ్గరే. ముప్పై ఏడేళ్ల అనుభవమే అతన్ని పప్పులో కాలు వేయించింది.

బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు. చుట్టూ పద్నాలుగు బండ్లవాళ్లు నిలబడి ఉన్నారు.

"తప్పు నాదే. నేను లారీల లెక్కన కొలిచిన. గుట్టలకు గది సరిపోదు. మేడం ఇయాల ఇంక ఎక్కొద్దు, మెల్లగ ఇంటికి పోదాం."

"అన్నా, చిన్న చప్పుడు అన్ని బండ్లకీ వస్తుంది. నాకూ వస్తుంది," అన్నాడు శ్రీకర్.

"రావొద్దు సార్. ఒస్తున్నదంటే ఏదో ఒకటి ఇరుగుతున్నదన్నట్టు."

ఒకరిద్దరు తమ బండ్ల వైపు నడిచారు. భావన మొహం చిన్నబోయింది. ఆమె ఒక్కతే ఆ రోజు గుట్ట ఎక్కకుండా వెనక్కి తిరిగింది. వనస్థలిపురం దాటాక సైదులు, "బస్సు నడుపుడు గూడ మంచి పనే మేడం," అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. ఏ బస్సు అని అడిగింది. అప్పుడు చెప్పాడు, శ్రీనివాస్ సంగతి, ఒకటో తారీకు సంగతి.

"అన్నా, నా క్లాసులో ఒక పిల్లాడు లెక్క తప్పు చేసి, ఎక్కడ తప్పిందో తనే కనిపెట్టి చెబితే, ఆ పిల్లాడికి వస్తుందని నాకు తెలిసిపోతుంది. షెడ్డుకే వెళ్దాం పదండి. ఇవాళే సరిచేద్దాం."

సరిచేశారు. ఒక చక్రం కింద పాత లారీ టైర్లు రెండు పేర్చి, రెండో చక్రాన్ని గాలిలోకి వేలాడదీసి, మళ్లీ కొలిచారు. భావన నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసి కోణాలు వేసింది. సైదులు ఆ గీతలు చూడలేదు. అన్నం పళ్లెం ఒకటి గ్లాసు మీద బోర్లించి ఒక అంచు నొక్కి, రెండో అంచు ఎంత లేస్తుందో చూశాడు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది. బంప్ రబ్బరు దిమ్మెను వేలెడు పొడుగు చేసి, చక్రం వైపుకు జరపాలి. చక్రం పైకి లేవడం కాస్త తగ్గుతుంది. తగ్గితే తగ్గనీ. సాయంత్రానికల్లా కొత్త దిమ్మె వెల్డింగ్ అయింది. బండిని మళ్లీ టైర్ల మీదికి ఎక్కించి ఒరగదీసి చూస్తే, దారం కొసకు వేలెడు ఇవతల ఆగింది. ఈ పనికి సైదులు రూపాయి తీసుకోలేదు.

ఇంట్లో అండాలమ్మకు జరిగిందంతా చెప్పాడు. ఆమె పళ్లెం ముందు పెట్టింది. "తిను," అంది అంతే.

సోమవారం పొద్దున శ్రీనివాస్‌కు మాట చెప్పడానికని ఇద్దరూ కలిసే బయల్దేరారు. దారిలో షెడ్డు దగ్గర ఆగారు. గేటు ముందు ఒక ఆకుపచ్చ జీపు నిలబడి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. మంచి బూట్లు.

శ్రీకర్ బయటికి పాక్కుంటూ వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. చేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు.

"అన్నా, నిన్న మీరు వెళ్లిపోయాక నా బండికీ పిండి పెట్టాను. దారం కూడా కట్టాను. మా అమ్మ కలిపిన పూరీ పిండి." అరచేయి చాపాడు. ముద్ద ఎండి గట్టిపడింది. ఒక అంచు పలుచగా నలిగి, రెండో అంచు మందంగా ఉంది. భావన జీపు కింద చూసిన ఏటవాలే. "రెండేళ్లుగా ఆ చప్పుడు మామూలే అనుకుంటున్నాను. ఇంకో నలుగురు కూడా నిన్ననే పెట్టి చూసుకున్నారు. అందరికీ ఇలాగే ఉంది. ఇన్ని షాపులు తిరిగాం, తప్పు నాది అన్నవాడు ఒక్కడు లేడన్నా. నా బండి చూడండి."

సైదులు ఆ ముద్దను తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఆనందం ఎంత వచ్చిందో అంత భయమూ వచ్చింది, మళ్లీ తప్పు కొలుస్తానేమోనని. ఆ భయం మంచిదేనని అతనికి తెలుసు. షెడ్డు తాళం తీసి, జాకీ ఒక్కటే బయటికి తెచ్చాడు. ఇంకో చేత్తో పాత లారీ టైరు దొర్లించుకొచ్చాడు.

అండాలమ్మ గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. పిండి ముద్దను చూసింది, మొగుడి మొహం చూసింది. కొంగుతో చేయి తుడుచుకుని ఫోను తీసింది.

"తమ్మీ, నేనే. మీ బావ రాడురా. గా స్టీరింగు ఇంకెవలికన్న ఇయ్యి." అవతలి నుంచి ఏదో అడిగినట్టున్నాడు. "ఏం లే, పనున్నది," అంది.

మర్నాడు హాస్టల్‌లో ఆమె పిండి కలుపుతుంటే, పక్కన ఇంకో గిన్నెలో విడిగా ఒక ముద్ద పెట్టి ఉంది. అది ఇంటి నుంచి తెచ్చుకున్న పిండి. వంటగదిలో సాయం చేసే హనుమాయమ్మ దాన్ని చూసి చపాతీ వత్తడానికి చేయి చాపింది.

"అది ముట్టకు. అది తినేది గాదు," అంది అండాలమ్మ. "ఐదు బండ్లకు సరిపోవాలె."